పొర కమ్మిన లెన్సుతో హిందూపురం దాకా

తెనాలి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మా స్టూడియో మెట్లెక్కిన ప్రతివాడూ ఒకటే అడుగుతున్నాడు. "ఏం గురువుగారూ, లెన్సు బాగుచేయించారా, వేరేది కొన్నారా?" ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పుకొచ్చేసరికి నాకు నోరు నొప్పి పుడుతోంది. పైగా మావాళ్ళలో చాలామందికి ధర్మవరం అంటే చీర, పెనుగొండ అంటే కోట, హిందూపురం అంటే బెల్లం. అంతకుమించి తెలియదు. నాకూ వెళ్ళేదాకా అంతే తెలుసు. అందుకని ఆ ఊళ్ళ సంగతీ నా లెన్సు సంగతీ కలిపి ఇక్కడ రాసేస్తున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళకు ఈ కాగితాలు చేతిలో పెట్టి నా పని నేను చూసుకుంటాను.

ముందు లెన్సు గురించి చెప్పాలి. అది ఇత్తడి గొట్టంలో బిగించిన జర్మనీ సరుకు. నాకు పని నేర్పిన గురువుగారు మద్రాసులో ఒక దొర దగ్గర కొన్నారు, ఆయన పోతూ నా చేతిలో పెట్టారు. మా పనివాళ్ళం దాన్ని లెన్సు అనం, కన్ను అంటాం. "కన్ను తుడువు", "కన్నుకు మూత పెట్టు" అని గురువుగారు అన్న మాటలే నా నోటికీ అలవాటయ్యాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనివల్లే పెనుగొండలో నా పరువు పోయింది. ఆ కన్నును నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. మా ఆవిడక్కూడా స్టూడియోలో ఊడవడానికే గానీ కెమెరా దగ్గరికి రావడానికి అనుమతి లేదు.

కిందటి వేసవి నుంచి నా ఫోటోలు మసకగా రావడం మొదలైంది. మందునీళ్ళు మార్చాను, కాగితం మార్చాను, ఫిల్ము అమ్మినవాణ్ణి తిట్టాను. చివరికి లెన్సు ఊడదీసి కిటికీ వెలుగులో కంటికి ఆనించి చూస్తే ఏముంది, అద్దం మీద ఊపిరి ఊదినట్టు తెల్లగా పొర. సరిగ్గా అప్పుడే మా ఎదురుగా ఒక కుర్రాడు కొత్త స్టూడియో తెరిచాడు. పెళ్ళిళ్ళన్నీ అటు పోయాయి. మిగిలిన ఒక్క పెళ్ళివారూ ఫోటోలు తిరిగి తెచ్చి బల్లమీద పడేశారు. "మా అమ్మాయి మొహానికి పొగ పట్టించావేమిటయ్యా?" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి. ఆ మాటకు నాకు అన్నం సయించలేదు. ఈ వయసులో నాకు ఇంకో పని చేతకాదు. లెన్సు పోతే స్టూడియో పోయినట్టే.

మద్రాసు కెమెరా షాపువాళ్ళను అడిగితే జర్మనీ సరుకు రావడం ఆగిపోయిందన్నారు. బెంగుళూరులో కెమెరాలు బాగుచేసిన ఒక సాయిబు ఇప్పుడు సొంతవూరు హిందూపురంలో షాపు పెట్టుకున్నాడనీ, లెన్సుల పనిలో ఆయన్ని మించినవాడు లేడనీ చెప్పారు. ఏటా మా వీధికి చీరలు మోసుకొచ్చే ధర్మవరం మనిషి ఇంకో కబురు తెచ్చాడు. అక్కడ రంగప్ప అనే మగ్గాల ఆసామి ఇంట్లో అచ్చం నాలాంటి లెన్సే ఊరికే పడి ఉందట. రెండూ ఒకే రైలు దారి. బాగుచేయించడమా, మార్చడమా అన్నది అక్కడే తేల్చుకుందామని కెమెరా, మూడుకాళ్ళ స్టాండు, పరీక్షకు కావలసిన ఫిల్ము, మందులు అన్నీ కట్టుకున్నాను. ధర్మవరం పేరు వినగానే మా ఆవిడ కూడా పెట్టె సర్దుకుంది. "నాకు చీర కొననక్కర్లేదండీ, చూస్తే చాలు" అంది. ఆ మాటకు అర్థం పెళ్ళయిన ప్రతివాడికీ తెలుసు.

ధర్మవరం

గుంతకల్లు దాటాక మాకు తెలిసిన పచ్చదనం అయిపోయింది. ఎర్రనేల, రాళ్ళగుట్టలు, మధ్యమధ్య వేరుశెనగ చేలు. కాలవ కనిపిస్తుందేమోనని మా ఆవిడ కిటికీలోంచి చాలాసేపు చూసి విసుగెత్తి కళ్ళు మూసుకుంది.

ధర్మవరంలో దిగగానే ముందు తిండి సంగతి చూసుకున్నాం. హోటలువాడు ఉగ్గాని అని తెచ్చిపెట్టాడు. మా వైపు మరమరాలు అనేవాటిని వీళ్ళు బొరుగులంటారు. వాటిని నీళ్ళలో తడిపి పిండి, ఎర్రగడ్డలూ పచ్చిమిరపకాయలూ వేసి తాలింపు పెడతారు, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. ఎర్రగడ్డలంటే మన ఉల్లిపాయలే. మాకు మరమరాలు పిల్లల చిరుతిండి, వీళ్ళకు పొద్దుటి పలహారం. తెనాలిలో కాఫీకి పోసే డబ్బుతో ఇక్కడ ఇద్దరం కడుపునిండా తిన్నాం. బజ్జీ కారానికి నా చెవులు వేడెక్కాయి గానీ మా ఆవిడ ఇంకో రెండు అడిగి తెప్పించుకుంది.

ఊళ్ళోకి వెళితే ఏ ఇంటి ముందు నిలబడ్డా మగ్గం చప్పుడే. వీధి పొడుగునా పట్టు పడుగులు, అంటే చీరకు నిలువు పోగులు, సాగదీసి కట్టి ఉంటారు. మనుషులు వంగి వాటి కిందనుంచి పోతారు, బండివాడు కూడా చుట్టూ తిరిగి పోతాడు గానీ కసురుకోడు. ఈ మర్యాద తెలియని నేను నా స్టాండు భుజాన వేసుకుని తిన్నగా నడిచాను. "సామీ, పడుగు పడుగు" అని ఒకామె పరిగెత్తుకొచ్చి నన్ను చేయి పట్టుకు ఆపింది. ఇంకొక్క అడుగు వేసి ఉంటే ఎవరి చీరో నా స్టాండు కాలికి చుట్టుకునేది.

రంగప్ప నాకంటే చిన్నవాడు, మాట నెమ్మది. లెన్సు వాళ్ళ తమ్ముడిదట. ఆ తమ్ముడు కొన్నాళ్ళు ఫోటోలు తీసి, గిట్టక రైల్వేలో చేరిపోయాడు. రంగప్ప దాన్ని పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో దాచాడు. గుడ్డ విప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అదే ఇత్తడి, అదే అచ్చు, గీత లేదు.

"పరీక్ష చేసుకుంటాను" అన్నాను.

"చేసుకో సామీ. మా అవ్వను కుచ్చోబెడతా, ఆమెకు ఫోటో అంటే శానా ఆశ. ఆమెనే చూసి పరీక్ష చేయి."

రంగప్ప నాయనకు తల్లి ఆమె. పండుముసలి, ముక్కుకు ఎర్రరాయి ముక్కుపుడక. ఫోటో మాట చెవిన పడగానే లోపలికెళ్ళి ఇంటి మగ్గం మీద నేసిన చీర కట్టుకొచ్చి అరుగుమీద కూర్చుంది. "బిర్న తీయి నాయనా" అంది. పెద్దవాళ్ళకు అన్నీ తొందరే కదా అనుకున్నాను. ఇంకోపక్క రంగప్ప భార్య చీరలు దించి మా ఆవిడ ముందు పరిచింది. మా ఆవిడ నెమలికంఠం రంగుది ఒకటి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. పెట్టుకోవడమే గానీ దించలేదు.

నేను రంగప్ప లెన్సు కెమెరాకు బిగించి, నల్లగుడ్డ కప్పుకుని, వెనక బొమ్మ పడే గరుకుటద్దం మీద భూతద్దం ఆనించి, ఎడమకన్ను మూసి కుడికంటితో చూశాను. గురువుగారు నేర్పిన పద్ధతి అది. పనికి కుడికన్నే. చూస్తే ఆ లెన్సుకూ పొర. నాదానికి ఎంతుందో దానికీ అంతే. గుడ్డ తీసి, లెన్సు ఊడదీసి, అదే కంటికి ఆనించుకుని ఆకాశంలోకి చూశాను. అదే తెలుపు.

"రంగప్పా, ఇది కూడా పొర పట్టిందేనయ్యా" అన్నాను.

అతను తీసుకుని చూశాడు. "యాడుండాది సామీ పొర? నీళ్ళ మాదిరి ఉండాది కదా."

"నా జన్మంతా ఈ పనిలోనే గడిచింది. నాకు చెప్తావా నువ్వు? చెడిపోయిన సరుకు దూరంనుంచి వచ్చినవాడికి అంటగడదామని చూస్తున్నావు."

అనేశాను. నా నోరు అలాంటిది. రంగప్ప మొహం చిన్నబోయింది.  లెన్సును పట్టుగుడ్డలో చుట్టి, "నమ్మకం లేనోళ్ళకు అమ్మే పనిలేదు సామీ. పోయిరాండి" అన్నాడు.

"ఏం నాయనా, తీసినావా?" అని అడిగింది అవ్వ.

"లేదవ్వా, అద్దం బాగాలేదు" అన్నాను. నా సొంత లెన్సు బిగించి మసకగానైనా ఒకటి తీయొచ్చు. ఆ కోపంలో నాకు ఆ ఆలోచనే రాలేదు. మా ఆవిడ చీర మడిచి పక్కన పెట్టి లేచింది.  స్టేషను బెంచీమీద కూర్చున్నాక, "అవ్వకు ఒక్క ఫోటో తీసి ఉంటే మీ సొమ్మేం పోయింది?" అంది.

రైల్లో

ధర్మవరం నుంచి పెనుగొండ ఎక్కువ దూరం కాదు. మా ఎదురుగా రొద్దం అనే ఊరి రైతు ఒకాయన కూర్చున్నాడు. అక్కడివాళ్ళలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా ముందు తినడానికి ఏదో ఒకటి పెట్టి తర్వాత మాట కలుపుతారు. ఆయన వేయించిన చెనిక్కాయలు, మన వేరుశెనగకాయలే, దోసిలినిండా మా ఆవిడ కొంగులో పోసి, నావైపు తిరిగాడు.

"ఏమప్పా, అట్ల దిగులుగా కుచ్చున్యావు?"

"ఏం చెప్పమంటారు? కన్నుకు పొర కమ్మింది. బాగుచేయించాలో మార్చాలో తేలడం లేదు."

"మార్చేకి యాడైతుందప్పా?"

"ఎందుకవదు? ఇందాక ధర్మవరంలో ఒకటి చూశాను. దానికీ పొరే ఉంది, వద్దని వచ్చేశాను."

ఆయన నన్ను ఎగాదిగా చూసి మా ఆవిడ వైపు తిరిగాడు. "ఏమ్మా, ఈయప్పకు ఎన్నాళ్ళనుంచి ఇట్ల?"

"కిందటి వేసవినుంచండీ" అంది మా ఆవిడ, చెనిక్కాయ ఒలుస్తూ.

ఆయన జాలిగా తలాడించాడు. "నా మాట విను. పెనుగొండలో దిగి నరసమ్మ ఇల్లు యాడని అడుగు. కంటి పొర అంటే ఈ చుట్టుపక్కల ఆమెనే. మా నాయనకు ఆమెనే చూసింది."

"మీ నాయనగారిదీ ఈ పనేనా?"

"ఏ పనైనా కన్ను లేకుంటే ఎట్లప్పా చేసేది?"

నా మనసులో మాట అన్నాడు. ఎవరో మంచి పనిమంతుడి భార్య అయి ఉంటుంది, మొగుడి దగ్గర నేర్చుకుని ఉంటుంది అనుకున్నాను. "ఆడమనిషి లెన్సు బాగుచేస్తుందంటారా?" అని మా ఆవిడ అడిగితే, "ఏం, చేయకూడదా?" అని నేనే గదమాయించాను.

పెనుగొండ

పెనుగొండలో దిగితే కొండ మీదపడేటట్టు ఉంటుంది. ఎటు చూసినా రాళ్ళూ, పాత గోడలూ, రాజుల కాలంనాటి దర్వాజాలూ. మా వైపు అలాంటి దర్వాజా ఒకటి ఉంటే చుట్టూ కంచె వేసి బోర్డు పెడతాం. ఇక్కడ దాని నీడలో మేకలు కట్టేసుకుంటారు, మధ్యలోంచి జట్కా తోలుకుపోతారు. ఊళ్ళో ఉన్న దర్గాకు వచ్చిన జనంలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు కూడా చాలామంది చక్కెర పొట్లాలతో కనిపించారు.

నరసమ్మ ఇల్లు ఎవరినడిగినా చూపించారు. అరుగుమీద పదిమందిదాకా కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కరి దగ్గరా ఒక టెంకాయ. కొబ్బరికాయను అక్కడ అలాగే అంటారు. కొందరికి కళ్ళమీద తడిగుడ్డ కట్టి ఉంది. ఒక్కరి చేతిలోనూ కెమెరా లేకపోవడం చూసి కూడా నా బుర్రకు ఏమీ తట్టలేదంటే నా లెన్సు గోల ఎంత ముదిరిందో అర్థం చేసుకోండి. మా ఆవిడకు తట్టింది. "ఏమండీ, ఇది..." అని మొదలుపెడితే "నువ్వుండు" అన్నాను.

నా వంతు వచ్చింది. నరసమ్మ దిట్టమైన మనిషి, నడుముకు కొంగు చుట్టి పీటమీద కూర్చుంది. "ఏమైందప్పా?" అంది.

"కన్నుకు పొరమ్మా. తెచ్చాను" అని పెట్టె తీసి ముందు పెట్టాను.

"కన్ను పెట్టెలో పెట్టుకోని తెచ్చినావా?"

అరుగంతా నవ్వింది. కళ్ళకు గుడ్డ కట్టుకున్నవాళ్ళు కూడా ఏమైందో పక్కవాళ్ళను అడిగి మరీ నవ్వారు. నా చెవులు ఎర్రబడ్డాయి. ఇది మనుషుల కళ్ళు చూసే ఇల్లని అప్పటికి నాకు ఎక్కింది. పెట్టె మూసి లేవబోతే ఆమె నా గడ్డం పట్టుకుని ఎండవైపు తిప్పింది.

"వచ్చినావు గదా, గమ్మున కుచ్చో. ఎడమది మూయి. ఇవి ఎన్ని?"

"రెండు వేళ్ళు" అన్నాను. వేళ్ళు లెక్కపెట్టలేనంత గుడ్డివాణ్ణి కాదని లోపల మండిపడ్డాను. ఆమె ఇంకా దగ్గరికి వంగి చూసింది.

"ఈ కంట్లో పొర ఉండాది."

"పొర లెన్సుకమ్మా, నాకు కాదు."

"అదేందో నాకు తెల్దు. ఇది నా మందుకు తగ్గేది గాదు. ముదరల్ల. ముదిరినాక పెద్దాసుపత్రికి పోయి తీపిచ్చుకో."

"వచ్చినవాళ్ళందరికీ ఇదే చెప్తారా?"

"నీకు చెప్తాండా" అంది. చలవకని రెండు కళ్ళలోనూ నందివర్ధనం పూల రసం పిండి పంపేసింది. డబ్బు ముట్టుకోదట. మా ఆవిడ అంగడికి వెళ్ళి టెంకాయ తెచ్చింది. నరసమ్మ దాన్ని అక్కడే కొట్టి ఒక చిప్ప మాకే ఇచ్చింది.

ఆ చిప్పా, పక్క ఇంట్లో అడిగి కొనుక్కున్న సంగటీ ఊరిబిండీ పట్టుకుని కోట గోడ నీడలో కూర్చున్నాం. రాగిముద్దను మా వైపు మనుషులు నమలబోయి అవస్థపడతారు. దాన్ని నమలకూడదు, చిన్న ఉండ చేసి ఊరిబిండిలో అద్ది మింగాలి. ఊరిబిండి అంటే వేరుశెనగపప్పుతో రోట్లో నూరే పచ్చడి. నేను రెండు ముద్దలు లాగించాను. మా ఆవిడ మాత్రం తినకుండా నన్నే చూస్తోంది.

"ఏమండీ, ఆ పైన బురుజు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"ఒక కన్ను మూసుకుని చూడండి."

"నువ్వు కూడా ఆ నరసమ్మ పార్టీలో చేరావా?" అని కసిరాను. కానీ ఆమె అటు తిరిగినప్పుడు ఎడమకన్ను మూసి చూశాను. బురుజు చుట్టూ తెల్లగా ఉంది. పూలరసం ఇంకా ఆరలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

హిందూపురం

హిందూపురం మార్కెట్లో అడుగుపెట్టగానే బెల్లం, చింతపండు, ఎండుమిరప, మూడు వాసనలూ ఒకేసారి ముక్కులోకి వస్తాయి. మేమిద్దరం వీధి మొదలునుంచి చివరిదాకా తుమ్ముతూనే నడిచాం. అక్కడ పుట్టినవాళ్ళు ఆ ఘాటులోనే కూర్చుని తీరిగ్గా కాఫీ తాగుతున్నారు. మడకశిర వైపునుంచి వచ్చిన రైతులు కన్నడంలో బేరం మొదలుపెట్టి తెలుగులో పూర్తిచేస్తున్నారు. కాఫీ హోటల్లో సర్వరు మా ఆవిడ దగ్గరికొచ్చి "దుడ్లమ్మా" అన్నాడు. "మేం గుడ్లు తినం బాబూ" అంది మా ఆవిడ. దుడ్లంటే డబ్బులట. హోటలంతా నవ్వింది. పెనుగొండలో నాకు జరిగినదానికి ఇది చెల్లుకి చెల్లని నేను కూడా నవ్వాను.

మద్రాసువాళ్ళు చెప్పిన షరీఫ్ సాయిబు షాపు బెల్లం మండీకి ఎదురుగా ఉంది. గడియారాలు, కళ్ళద్దాలు, కెమెరాలు అన్నీ చూస్తాడు. తన పనిమీద ఆయనకు నాకంటే ఎక్కువ గర్వం. నేను లెన్సు చరిత్ర చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, దాన్ని దీపానికెదురుగా అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి నా చేతిలో పెట్టాడు.

"ఏం లేదు దీంట్లో."

"పొర ఉంది సాయిబుగారూ."

"పొర లేదు, బూజు లేదు. బెంగుళూరులో దొరల లెన్సులన్నీ నా చేతిమీదనే పోయినాయి. లేనిదాన్ని నేను యాడనుంచి తీసేది?"

ఇద్దరి గొంతులూ లేచాయి. మండీలో జనం తూకం ఆపి చూస్తున్నారు. చివరికి ఆయన కెమెరా వీధివైపు తిప్పి స్టాండుమీద పెట్టించి, తానే నల్లగుడ్డ కప్పుకుని ఫోకసు చేశాడు. "ఇప్పుడు చూడండి" అన్నాడు. చూశాను. తెలుపు. "ఉంది" అన్నాను. ఆయన మళ్ళీ చూశాడు. "లేదు" అన్నాడు. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, మీరొచ్చి చూడండి" అన్నాడు.

"ఆవిడకేం తెలుసండీ" అన్నాను.

మా ఆవిడ ఆ మాట విననట్టే వచ్చి నల్లగుడ్డ కిందికి దూరింది. అది నా ఎత్తుకు కుట్టించిన గుడ్డ. ఆమె పాదాలదాకా కప్పేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఆ గుడ్డ కిందికి వెళ్ళడం అదే మొదలు.

"ఏమండీ, వీధంతా తలకిందులుగా ఉంది" అంది లోపల్నుంచి.

"అలాగే ఉంటుంది. పొర సంగతి చెప్పు."

"ఎంత బాగుందో. బెల్లం దిమ్మెలు, తక్కెడ, ఆయన తలపాగా. బెల్లంమీద ఈగలు కూడా కనిపిస్తున్నాయి." అని ఆగింది. "పొర లేదండీ" అంది తర్వాత, చాలా నెమ్మదిగా. గుడ్డలోంచి వెంటనే బయటికి రాలేదు. వచ్చినప్పుడు కళ్ళు తుడుచుకుంటోంది.

షరీఫ్ సాయిబు గొంతు తగ్గించాడు. "అన్నా, కుడిది మూయండి. ఎడమకంటితో చూడండి."

చూశాను. తక్కెడ కనిపించింది. తలపాగా మడతలు కనిపించాయి. బెల్లందిమ్మె మీద ఈగలు కదలడం కనిపించింది. ఎక్కడా పొర లేదు. పొర నా కుడికంట్లో ఉంది. రెండు కళ్ళూ తెరిచి తిరిగినన్నాళ్ళూ తెలియలేదు, పనిలో కుడికన్ను ఒక్కటే వాడబట్టి ఆ పొరను లెన్సుకు అంటగట్టాను. ఆ కంటితో ఫోకసు కుదరకే ఫోటోలూ మసకగా వచ్చాయి.

నాకు భయం వేసింది. ఉన్నమాట రాస్తున్నాను, చాలా భయం వేసింది. లెన్సు పాడైతే ఇంకొకటి వెతుక్కోవచ్చని ధైర్యంగా బయల్దేరినవాణ్ణి, ఇప్పుడు ఏ ధర్మవరం వెళ్ళి ఏం వెతకను? షాపు మెట్టుమీద కూలబడ్డాను. సాయిబు టీ తెప్పించి చేతికిచ్చాడు. ఎంత బతిమాలినా డబ్బు తీసుకోలేదు. "చేయని పనికి లెక్క ఎట్ల తీసుకునేది?" అన్నాడు. అక్కడ డబ్బును లెక్క అని కూడా అంటారు.

ఎడమకంటితో పనిచేసుకోమని ఆయనే సలహా చెప్పాడు. అక్కడే కాసేపు ప్రయత్నించాను. జీవితమంతా మూసి ఉంచిన కన్ను, ఒంటరిగా భూతద్దంలో చూపు నిలపలేకపోయింది. నీళ్ళు కారి అదీ మసకయింది.

మళ్ళీ ధర్మవరం

తిరుగు రైల్లో నేను కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. ధర్మవరం వస్తోందనగా మా ఆవిడ సామాన్లు దించడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?"

"అవ్వ ఫోటో తీసి వెళ్దాం."

"నాకు కనిపించి చావదుగా."

"నాకు కనిపిస్తుందిగా" అంది.

రంగప్ప మగ్గంమీద ఉన్నాడు. నన్ను చూసి తల దించుకుని నేస్తూనే ఉన్నాడు. నేను గుమ్మంలో నిలబడే చెప్పాను. "రంగప్పా, నీ లెన్సుకు ఏ పొరా లేదు. పొర నా కంటికి ఉంది. నిన్ను అనరాని మాట అన్నాను, మనసులో పెట్టుకోకు."

మగ్గం ఆగింది. అతను దిగొచ్చి నా మొహంలోకి చూశాడు. "అట్లనా సామీ? మా అవ్వకూ అదే కదా. ఒకటి పూర్తిగా పోయింది, రెండోది పోతాండాది. ఆ ఉన్నది పోకముందే తన ఫోటో తాను చూసుకోవల్లని ఆమె ఆశ. అందుకే ఆపొద్దు అంత తొందర పడింది."

 నా చేతులు వాటంతటవే కెమెరా దించాయి. నా లెన్సే బిగించాను. అవ్వను పట్టుకొచ్చి అరుగుమీద అదే చోట కూర్చోబెట్టారు. వెలుతురు చూడడం, గడ్డం ఎత్తించడం, చీర అంచు సర్దించడం నా వంతు. నల్లగుడ్డ కింద మా ఆవిడ.

"ముక్కుపుడక మీద చూడు. ఆ రాయి మెరుపు సూదిమొనంత అయ్యేదాకా తిప్పు" అన్నాను.

"అయింది. అయ్యో, దాటిపోయింది. ఆగండి, మళ్ళీ వచ్చింది."

"ఇక ముట్టుకోకు."

షట్టరు తెరిచే రబ్బరు బుడ్డి నొక్కింది నేను. రంగప్ప తమ్ముడి చీకటిగది ఇంకా అలాగే ఉంది, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి అక్కడే ఫిల్ము కడిగాను. ఆరేదాకా వాళ్ళింట్లోనే ఓళిగలు తిన్నాం. మన బొబ్బట్లే, కాకపోతే నెయ్యి ధారాళం. తర్వాత ప్రింటు వేసి తడి ఒత్తించి అవ్వ చేతికిచ్చాను. ఆమె దాన్ని ఎండలోకి తీసుకెళ్ళి, ఉన్న కంటికి ముక్కు తగిలేంత దగ్గరగా పెట్టుకుంది. ఆ మూలనుంచి ఈ మూలకు జరుపుకుంటూ చూసింది. 

"నా ముక్కుపుడక కనపడతాండాది" అంది. తర్వాత మా ఆవిడ బుగ్గ నిమిరి, "నీకు మంచి కండ్లుండాయమ్మా" అంది.

నెమలికంఠం చీర అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు. రంగప్ప భార్య ఇంకొకటి తీసింది, నీలంది. కొన్నాం. నీలం కూడా బాగానే ఉంటుంది గానీ, అది కట్టుకున్నప్పుడల్లా మా ఆవిడ మొదటిదాని గురించి ఒకసారి తలుచుకుంటుంది.

తెనాలి

గుంటూరు కంటి డాక్టరు దీపం పెట్టి చూసి శుక్లం అన్నాడు. ఎడమకంట్లోనూ మొదలవుతోందన్నాడు. ఇప్పుడే తీయకూడదట, ముదరాలట. నరసమ్మ చెప్పింది కూడా ఇదే, కాకపోతే ఈయన టెంకాయతో సరిపెట్టుకోలేదు.

కాబట్టి లెన్సు బాగుచేయించలేదు, మార్చలేదు. అది ఎప్పుడూ ఉన్నంత శుభ్రంగా ఉంది. నల్లగుడ్డ కింద తల పెట్టేది మాత్రం మా ఆవిడ. మొదట్లో జనం గుమ్మంలో నిలబడి నవ్వారు. ఎదురు స్టూడియో కుర్రాడు కూడా ఒకసారి వచ్చి చూసిపోయాడు. ఇప్పుడు ఆడవాళ్ళు ఫోటో అంటే మా దగ్గరికే వస్తున్నారు, కెమెరా వెనక ఆడమనిషి ఉంటే బిగుసుకుపోకుండా కూర్చుంటున్నారు. ఆ ఫోటోలు తిరిగి తెచ్చి బల్లమీద పడేసినవాళ్ళు ఇంతవరకు లేరు.

మొన్న ఒక పెళ్ళిజంటను కూర్చోబెట్టి, నేను రబ్బరు బుడ్డి పట్టుకుని నిలబడ్డాను. నల్లగుడ్డ కిందనుంచి మా ఆవిడ గొంతు వచ్చింది.

"ఏమండీ, ఆపరేషను అయి మీ కన్ను బాగుపడ్డాక, నేను మళ్ళీ చీపురు పట్టుకోవాలా?"

పెళ్ళికొడుకు నవ్వు ఆపుకోలేక కదిలాడు. "ముందు ఫోకసు చూడు" అన్నాను.  ఫోటో అయ్యాక ఆమె ఆ పాత గుడ్డ అంచు ఎత్తిపట్టుకుని, కాళ్ళకు అడ్డం పడకుండా జాగ్రత్తగా బయటికొచ్చింది.

ఆ సాయంత్రం బజారుకు వెళ్ళి మంచి నల్లగుడ్డ తీసుకుని దర్జీకి ఇచ్చాను. కొలతలు అడిగితే మా ఆవిడ ఎత్తు చెప్పాను.